మన ఏరియా జపనీస్ రెస్టారెంట్: ఒకరికి ఐదు స్టార్లు, ఇంకొకరికి ఒకటే, మరి మనం ఎలా తినాలి

డాలస్ పక్కన ప్లానో, ఫ్రిస్కో వైపు ఏ స్ట్రిప్ మాల్‌లో ఉన్న జపనీస్ రెస్టారెంట్ అయినా తీసుకోండి, గూగుల్‌లో రివ్యూలు తెరిస్తే ఒకాయన డాలస్ మొత్తంలో ఇంత మంచి సుషీ లేదంటాడు, దాని కిందే ఇంకొకావిడ రైస్ గట్టిగా ఉంది, గంట కూర్చోబెట్టారు, ఇంక ఈ జన్మలో రామంటుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. వాళ్ళు తిన్నది ఒకే చోట కాదు, అంతే. ఆ ఒక్క బోర్డు కింద లోపల చాలాచోట్ల మూడు వంటిళ్ళు నడుస్తుంటాయి. సుషీ బార్ ఒకటి, వెనక వేపుళ్ళూ నూడుల్సూ చేసే కిచెన్ ఒకటి, మంటలు లేపి గుడ్డు గాల్లోకి ఎగరేసే హిబాచి టేబుళ్ళు ఒకటి. మూడింటికీ మనుషులు వేరు, వాళ్ళకి ఊపిరి ఆడని టైములూ వేరు. పెళ్లి భోజనాల్లో మొదటి బంతిలో తిన్నవాడు, ఆఖరి బంతిలో తిన్నవాడు ఒకే వంటవాడి గురించి వేరువేరుగా చెప్పుకుంటారు చూడండి, ఇదీ అలాంటిదే. కాబట్టి వెళ్ళాలా వద్దా అని తల పట్టుకోకుండా, ఎప్పుడెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏం అడగాలి అని చూసుకుంటే సగం రివ్యూలు మనకి అక్కర్లేదు.

మన వైపు ఈ హోటళ్ళు ఇన్ని ఎందుకున్నాయంటే ఒక కారణం టొయోటా. 2017లో వాళ్ళ నార్త్ అమెరికా హెడ్ క్వార్టర్స్ కాలిఫోర్నియా నుంచి ప్లానోకి వచ్చేసింది, వెనకాలే జపనీస్ కుటుంబాలు, వాళ్ళ కోసం మిత్సువా లాంటి గ్రాసరీ, చిన్న చిన్న రామెన్ (నూడుల్స్ సూపు) షాపులు. అలాగని ప్రతి జపనీస్ రెస్టారెంట్ వాళ్ళ కోసం పెట్టిందని అనుకోకండి. ఎక్కువ చోట్ల మెనూ అమెరికన్ నోటికి తగ్గట్టు రాసింది, క్రీమ్ చీజ్ రోల్సు, పైన స్పైసీ మేయో, ఈల్ సాస్ గీతలు. అందులో తప్పేం లేదు. బాగా చేస్తే అదీ బాగుంటుంది, కాకపోతే అక్కడికెళ్ళి టోక్యో రుచి వెతకడం, లేదా అచ్చమైన జపనీస్ చోటుకెళ్ళి డ్రాగన్ రోల్ లేదేంటని గొడవ పడడం, ఈ రెండూ కలిసే సగం ఒక స్టార్ రివ్యూలు పుట్టిస్తాయి. మెనూ ఆన్‌లైన్‌లో ముందే చూడండి. రోల్సు యాభై అరవై ఉండి నిగిరి (అన్నం ముద్ద మీద చేప ముక్క) ఒక మూలన ఉంటే అది రోల్స్ హోటల్, అక్కడ రోల్సే తినండి. అదే మెనూలో థాయ్ కర్రీ, చైనీస్ ఫ్రైడ్ రైస్, పాడ్ థాయ్ కూడా ఉంటే నేనైతే పచ్చి చేప జోలికి పోను, ఆ హోటల్ ధ్యాస మొత్తం వేరే చోట ఉందని అర్థం.

రివ్యూ చదివేటప్పుడు స్టార్లు వదిలేయండి. డిష్ పేరు ఉందా, ఏ రోజు ఏ టైముకెళ్ళారు, అక్కడే తిన్నారా పార్సిలా, ఈ మూడూ చూడండి. "ఫుడ్ బాలేదు" అనే దానికి విలువ లేదు. "శుక్రవారం ఎనిమిదింటికి వెళ్ళాం, టెంపురా మెత్తబడిపోయి వచ్చింది" అంటే దానికి విలువుంది, ఎందుకంటే శుక్రవారం ఎనిమిదింటికి హిబాచి టేబుళ్ళ మీద మూడు బర్త్‌డేలు నడుస్తుంటాయి, వెనక కిచెన్‌లో ఫ్రయ్యర్ దగ్గర ఒక్కడే ఉంటాడు, పిండిలో ముంచి వేయించిన టెంపురా మోసుకెళ్ళే మనిషి కోసం కౌంటర్ మీద ఎదురుచూస్తూ తన ఆవిరికి తనే తడిసిపోతుంది. చప్పగా ఉంది, కారం లేదు, ప్లేటు చిన్నది, ఇలాంటివి పట్టించుకోకండి, పుర్రెకో బుద్ధి జిహ్వకో రుచి. నమ్మాల్సిన కంప్లైంట్లు మాత్రం కొన్నున్నాయి. లోపలికి అడుగు పెట్టగానే నీచు వాసన, చేప గోరువెచ్చగా రావడం, బిల్లులో తినని ఐటెమ్ పడడం, తిన్న రాత్రే కడుపు చెడడం. ఇవి నెల తేడాలో ఇద్దరు ముగ్గురు వేరువేరు మనుషులు రాస్తే ఇంకో హోటల్ చూసుకోండి.

వెళ్ళడానికి మంచి టైము అంటే, నా లెక్కలో మంగళ, బుధ, గురువారాలు, సాయంత్రం ఆరుకి అటూ ఇటూ. లేదంటే వారం మధ్యలో లంచ్, బెంటో బాక్స్ (గదుల డబ్బాలో భోజనం) స్పెషల్ ఉంటుంది, అదే వంట, డిన్నర్ కంటే బాగా తక్కువ రేటు. మీరు ఇద్దరే అయితే టేబుల్ అడక్కండి, సుషీ బార్ ముందు కూర్చుంటాం అనండి. అక్కడ చేప గ్లాస్ కేస్‌లో కళ్ళ ముందే ఉంటుంది, తేమగా మెరుస్తోందా, అంచులు ఎండిపోయి రంగు మారిందా మీకే కనిపిస్తుంది. షెఫ్ చేసి నేరుగా మీ ముందు పెడతాడు, మధ్యలో మోసేవాళ్ళు లేరు. ఇంకా ముఖ్యం, "ఈరోజు ఏం బాగుంది" అని ఆయన్నే అడగొచ్చు. వెయిటర్ని అడిగితే మెనూలో ఖరీదైనది చెప్పే ఛాన్స్ ఉంది, షెఫ్ మాత్రం సాధారణంగా నిజం చెప్తాడు, తన చేత్తో పెట్టేది కదా. "ఇవాళ ట్యూనా వద్దు, ఎల్లోటెయిల్ తీసుకోండి" అన్నాడంటే ఆ మనిషిని వదలకండి.

కొత్త హోటల్ అయితే మొదటిసారే వంద డాలర్ల సుషీ బోట్ (పడవ పళ్ళెం నిండా సుషీ) ఆర్డర్ చేయొద్దు. మిసో (సోయా ముద్ద) సూపు, రెండు ముక్కల సాల్మన్ నిగిరి, అంతే తెప్పించుకోండి. సూపు వేడిగా పొగలు కక్కుతూ రావాలి, గోరువెచ్చగా వచ్చిందంటే ఎక్కడో ఆగి వచ్చిందని. నిగిరి వచ్చాక అందరూ చేప వైపు చూస్తారు, మీరు అన్నం చూడండి, అన్నం తిని పెరిగినవాళ్ళం, దీనికి మనకంటే మంచి జడ్జి ఎవరు. సుషీ అన్నం ఫ్రిజ్ చల్లగా ఉండకూడదు, దాదాపు మన ఒంటి వేడికి ఉండాలి. రైస్ వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నం అది, మెతుకు మెతుకు విడిగా కనబడాలి, వేళ్ళతో పట్టుకుంటే ముద్ద నిలవాలి, నోట్లో పెట్టుకోగానే విడిపోవాలి. నొక్కి నొక్కి బిగించేస్తే నమలాల్సి వస్తుంది. ఆ పులుపు వల్లే దాన్ని కొన్ని గంటలు బయట ఉంచగలుగుతారు, హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు దానికి పీహెచ్ కొలిచి రాసిపెట్టమంటారు. ఆ బాదరబందీ ఎందుకని ఫ్రిజ్‌లో పెట్టేసేవాళ్ళూ ఉన్నారు, అప్పుడు మెతుకు గట్టిపడి సున్నం తిన్నట్టుంటుంది, ఎంత మంచి చేప పైన వేసినా లాభం లేదు. అన్నం బాగుంటే మిగతా ఆర్డర్ చెప్పండి. బాలేకపోతే ఏ చికెన్ కాట్సునో (బ్రెడ్ పొడి అద్దిన వేపుడు), ఉడోన్ (లావు నూడుల్స్) సూపో తిని వచ్చేయండి, వెనక కిచెన్ బాగుండొచ్చు, రెండు వేరని ముందే అనుకున్నాం కదా.

తినే పద్ధతి గురించి మనవాళ్ళు అనవసరంగా బెదిరిపోతారు. నిగిరి చేత్తో తినొచ్చు, జపాన్‌లోనూ తింటారు, చాప్ స్టిక్స్‌తో అవస్థ పడక్కర్లేదు. సోయా సాస్‌లో ముంచేటప్పుడు ముక్కని పక్కకి తిప్పి చేప వైపు తాకించండి, అన్నం వైపు ముంచితే ముద్ద విడిపోయి గిన్నెలో పడుతుంది, ఉప్పు కూడా ఎక్కువైపోతుంది. ఆ గులాబీ రంగు అల్లం ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య నోరు శుభ్రం చేసుకోడానికి, సుషీ మీద వేసుకుని తినడానికి కాదు. వసాబి అని పెట్టే పచ్చ ముద్ద మామూలు హోటళ్ళలో దాదాపు ఎప్పుడూ హార్స్‌రాడిష్, ఆవపిండి, పచ్చ రంగు. అసలు వసాబి దుంప ఖరీదు, తురిమిన పావుగంటకే ఘాటు పోతుంది, అందుకే వాడరు, దాని గురించి మోసం మోసం అని రివ్యూ రాయడం దండగ. ఆవపిండి కలిపేటప్పుడు ముక్కుకెక్కే ఘాటూ దీని ఘాటూ ఒకటే, అల్లైల్ ఐసోథయోసైనేట్ అనే పదార్థం, అందుకే మిరపకారంలా నాలుక మీద నిలవదు, ముక్కులోంచి కొట్టి పోతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, చాప్ స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, ఒకరి చాప్ స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్ స్టిక్స్‌కి ముక్క అందించొద్దు, రెండూ వాళ్ళకి చావు కర్మల్లో చేసేవి. ఎవరూ ఏమీ అనరు, కానీ పక్క టేబుల్‌లో పెద్దావిడ ఎవరైనా ఉంటే చూసి బాధపడుతుంది.

పచ్చి చేప భయం సంగతి. "ఫ్రెష్ చేప, ఫ్రీజ్ చేసింది కాదు" అని ఎవరైనా గొప్పగా చెప్తే మురిసిపోకండి. అమెరికాలో పచ్చిగా వడ్డించే చాలా రకాల చేపల్ని పురుగులు చావడానికి ముందు గడ్డకట్టించాలని ప్రభుత్వ ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఫుడ్ కోడ్ చెప్తుంది, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు, లేదా మైనస్ 35లో గట్టిపడేదాకా ఉంచి ఆపైన 15 గంటలు. కొన్ని రకాల ట్యూనాకి, దాణా వేసి ఫామ్‌లో పెంచిన కొన్ని చేపలకి మినహాయింపు ఉంది. ఇంక "సుషీ గ్రేడ్" అని స్టిక్కర్ ఉంటుంది చూడండి, దానికి చట్టంలో అర్థమేమీ లేదు, అమ్మేవాడి మాట అంతే. మొదటిసారి తినేవాళ్ళు ఉడికినవాటితో మొదలెట్టండి, ఎబి అంటే రొయ్య, ఉనాగి అంటే తియ్యటి సాస్ పూసి కాల్చిన ఈల్, తమాగో అంటే గుడ్డు అట్టు, ఇవన్నీ వండినవే. కడుపుతో ఉన్నవాళ్ళు, చిన్న పిల్లలు, ఒంట్లో బాగోని పెద్దవాళ్ళు పచ్చిది ముట్టకపోవడమే మంచిది. ఉడికించినదైనా సరే బిగ్ ఐ ట్యూనాలో పాదరసం ఎక్కువని ఎఫ్‌డీఏ గర్భిణీలు మానేయాల్సిన లిస్టులో పెట్టింది.

ఇక్కడే ఒక ఐటెమ్ గురించి గట్టిగా చెప్పాలి. "సూపర్ వైట్ ట్యూనా" లేదా ఉత్త "వైట్ ట్యూనా" అని ఉంటుంది, తెల్లగా వెన్నలా కరిగిపోతుంది, నిజంగా రుచిగా ఉంటుంది, రేటూ తక్కువే. చాలాసార్లు అది ట్యూనా కాదు, ఎస్కోలార్ అనే చేప. దాని నూనెలో ఉండే మైనం లాంటి కొవ్వుని మన ఒళ్ళు అరిగించుకోలేదు, నాలుగు ముక్కలు ఎక్కువ తింటే రాత్రికి నారింజ రంగు నూనె విరేచనం, ఆపుకోవడం కూడా కష్టం, క్షమించాలి భోజనం మాటల్లో ఇది చెప్తున్నందుకు. జపాన్‌లో 1977 నుంచే అమ్మకం నిషేధం. ఓషియానా అనే సంస్థ అమెరికాలో శాంపిల్స్ తీసి 2013లో రిపోర్ట్ ఇచ్చింది, వైట్ ట్యూనా పేరుతో అమ్మినవాటిలో 84 శాతం ఎస్కోలారే. ఫుడ్ పాయిజన్ అయింది, హోటల్ మూసేయించాలి అని రాసే రివ్యూల్లో కొన్ని ఈ చేప పుణ్యమే అని నా అనుమానం. పక్కన కూర్చున్నాయనకి ఒక ముక్కతో ఏమీ కాదు, ఐదు స్టార్లు ఇస్తాడు. మీరు "అల్బకోరా, ఎస్కోలారా" అని సూటిగా అడగండి (అల్బకోర్ అంటే అసలైన తెల్ల ట్యూనా), తేల్చి చెప్పకపోతే మానేయండి.

ఇప్పుడు అసలు సమస్య, వెజిటేరియన్లు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, శనివారం, నాన్న నీచు ముట్టరు, పిల్లలకేమో జపనీసే కావాలి. వెయిట్రెస్‌ని "వెజిటేరియనా" అని అడిగితే అవునంటుంది, ఆ అమ్మాయి మోసం చేయట్లేదు, తన దృష్టిలో మాంసం ముక్క లేకపోతే వెజిటేరియనే. కానీ జపనీస్ వంటకి పునాది దాషి, అది కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పొగ పట్టించిన బొనీటో చేప తురుము వేసి కాచిన నీళ్ళు. మిసో సూపులో ఉంటుంది, అగెదాషి టోఫు (వేయించిన సోయా పనీర్) కింద పోసే పులుసులో ఉంటుంది, టెంపురాకిచ్చే సాస్‌లో, ఉడోన్ సూపులో, ఆఖరికి తియ్యటి టోఫు సంచిలో అన్నం పెట్టే ఇనారిలో కూడా ఆ టోఫుని ఉడికించేది మామూలుగా దాషిలోనే. వెజ్ టెంపురా చాలాచోట్ల రొయ్యలు వేయించిన నూనెలోనే వేగుతుంది, పిండిలో గుడ్డు కూడా ఉండొచ్చు. కాబట్టి "వెజిటేరియనా" అని కాదు, "చేప స్టాక్ కూడా వద్దు, దాషి లేనివి ఏమున్నాయి, వెజ్‌కి ఫ్రయ్యర్ వేరే ఉందా" అని అడగండి. మొహమాటపడకండి, ఒకటికి రెండుసార్లు అడగండి, కిచెన్‌లో కనుక్కుని రమ్మనండి.

దాదాపు నిశ్చింతగా తినగలిగేవి కీరా రోల్, అవకాడో రోల్, ముల్లంగి ఊరగాయతో చేసే ఒషింకో రోల్, ఉప్పు చల్లిన ఎడమామే (లేత సోయా కాయలు), ఉత్త అన్నం. మళ్ళీ "వెజిటబుల్ రోల్" అని ఉంటే లోపల ఏం పెడతారో అడగాలి, ఆ కత్తీ ఆ పలకా చేపవే కాబట్టి పట్టింపు బాగా ఉన్నవాళ్ళకి ఇదీ కుదరదు. క్రాబ్ స్టిక్ కూడా వెజ్ అనుకునే అంకుళ్ళు ఉన్నారు, పీత మాంసం కాదన్న మాట నిజమే, అది మెత్తగా నూరిన పొలాక్ చేప, చాలావాటిలో గుడ్డు తెల్లసొనా గోధుమ పిండీ కూడా. గ్లూటెన్ పడనివాళ్ళకి ఇంకో తలనొప్పి, మామూలు సోయా సాస్‌లో గోధుమలుంటాయి, తమారి (గోధుమ లేకుండా, లేదా చాలా తక్కువతో చేసే సోయా సాస్) ఉందా అని అడిగి అది కూడా గ్లూటెన్ ఫ్రీ సీసానేనా చూపించమనండి. ఇంత అడిగినా నాన్న మొహంలో తృప్తి ఉండదనుకోండి, "ఉప్పు లేదు కారం లేదు, దీనికి ఇరవై డాలర్లా" అంటారు, ఇంటికెళ్ళి పెరుగన్నం పెట్టాల్సిందే.

బీఫ్, పంది తినని వాళ్ళ లిస్టు చిన్నదే కానీ చెప్పకపోతే దెబ్బతింటారు. టోంకొత్సు రామెన్ అంటే పంది ఎముకలు గంటల తరబడి మరిగించిన సూపు, చికెన్ వేయమన్నా సూపు మారదు. గ్యోజా, అంటే పిండి రేకుల్లో కూర పెట్టి చేసే డంప్లింగ్, మామూలుగా పందే. జపనీస్ కర్రీ చూసి మన కర్రీ అని సంబరపడి చికెన్‌ది చెప్తారు, ఆ గ్రేవీకి వాడే రూ (పిండి, కొవ్వు, మసాలా) బిళ్ళల్లో బీఫ్ కొవ్వు ఉండే ఛాన్స్ బాగా ఉంది, అడిగి తినండి. అన్నట్టు ఆ కర్రీ వాళ్ళకి మన దగ్గర్నుంచి నేరుగా పోలేదు, మెయిజీ కాలంలో (పంతొమ్మిదో శతాబ్దం చివర) బ్రిటిష్ వాళ్ళ పొడి ద్వారా వెళ్ళింది, మనకి తెలిసిన రుచికి దగ్గరైనది టోక్యోలో నకమురాయా అనే హోటల్లో 1927లో పెట్టారు, దాని వెనక ఉన్నాయన ఇంగ్లీషు వాళ్ళ నుంచి తప్పించుకుని జపాన్ చేరిన మన రాస్ బిహారీ బోస్. ఆల్కహాల్ తాకనివాళ్ళు టెరియాకి అనే తియ్యటి సోయా సాస్ వంటలో మిరిన్, సాకే అనే బియ్యపు మద్యాలు పోస్తారని గుర్తుంచుకోవాలి.

హిబాచి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పిల్లలకి సర్కస్, 1964లో న్యూయార్క్‌లో బెనిహానా మొదలైనప్పటి నుంచి అమెరికాలో అందరికీ తెలిసిన షో అది. మీ పక్కన తెలియని వాళ్ళని కూర్చోబెడతారు, స్టీకూ రొయ్యలూ మీ జుకినీ ఒకే పెనం మీద వేగుతాయి, వెజ్ వాళ్ళుంటే ఆర్డర్ చెప్పేటప్పుడే వాళ్ళది లోపల కిచెన్‌లో విడిగా చేయిస్తారా అని అడగండి, కొన్నిచోట్ల చేస్తారు. వెల్లుల్లి వెన్న ఎక్కువ వేయమంటే మన నోటికి కాస్త అందుతుంది.

పార్సిల్ విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువు. జపనీస్ వంటలో సగం పార్సిల్‌కి పనికిరాదు. రోల్ చుట్టూ ఉండే నోరి అనే నాచు రేకు పావుగంటలో మెత్తబడి సాగుతుంది, టెంపురా డబ్బాలో చెమటపడుతుంది, రామెన్ నూడుల్స్ సూపు తాగేసి ఉబ్బుతాయి. డెలివరీ యాప్‌లో నలభై నిమిషాలు తిరిగొచ్చిన రోల్ తిని హోటల్‌కి ఒక స్టార్ ఇవ్వడం అన్యాయం. తప్పకపోతే కాట్సు, టెరియాకి, డాన్‌బురి (అన్నం మీద కూర వేసిన) గిన్నెలు తెచ్చుకోండి, రామెన్‌కి సూపు విడిగా కట్టమనండి. మిగిలిన సుషీ రేపు తిందామని ఫ్రిజ్‌లో దాచొద్దు, అన్నం బిరుసెక్కుతుంది, పచ్చి చేప సంగతి సరేసరి.

తేడా వస్తే అక్కడే చెప్పండి, మనవాళ్ళు మొహమాటానికి అంతా తినేసి, ఎలా ఉందంటే గుడ్ గుడ్ అని, ఇంటికొచ్చి అర్ధరాత్రి పెద్ద వ్యాసం రాస్తారు. రెండు ముక్కలు తిన్నాక "రైస్ గట్టిగా ఉంది, మార్చగలరా" అంటే ఎక్కువ చోట్ల మారుస్తారు. ప్లేటు ఖాళీ అయ్యాక అంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు. బిల్లు వచ్చాక లైన్ లైన్ చదవండి, ఆరుగురు దాటితే చాలా చోట్ల టిప్ ముందే కలిపేస్తారు, చూసుకోకుండా కింద మళ్ళీ ఇరవై శాతం రాసేస్తారు. కార్డ్ మెషీన్‌లో చూపించే టిప్ కొన్నిసార్లు 8.25 శాతం ట్యాక్స్ కలిపిన మొత్తం మీద వేస్తుంది, ట్యాక్స్‌కి ముందున్న లెక్క మీద ఇస్తే చాలు. సుషీ బార్‌లో షెఫ్ బాగా చూసుకుంటే, అదే టిప్‌లో ఆయనకీ వాటా ఉందా అని అడిగి, లేకపోతే ఆయన దగ్గరున్న జార్‌లో విడిగా వేయండి, తర్వాతిసారి వెళ్ళినప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

మీరూ రివ్యూ రాస్తే ఇలా రాయండి: బుధవారం ఆరున్నర, సుషీ బార్‌లో కూర్చున్నాం, సాల్మన్ నిగిరి బాగుంది, అన్నం గోరువెచ్చగా ఉంది, అగెదాషి టోఫు లేటైంది, దాషి గురించి అడిగితే కిచెన్‌లో కనుక్కుని చెప్పారు. స్టార్లు ఎన్నిచ్చినా పర్లేదు.